మందు మొక్కలు, అడవి ఆకుకూరలు: బెంగళూరులో ఉండే మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది అనంతపురం జిల్లా, బెంగళూరు వచ్చి పదకొండేళ్లయింది, కె.ఆర్.పురం వైపు అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. బాల్కనీలో కొన్ని కుండీలు, పక్కనున్న ఖాళీ సైట్లలో వాన పడ్డాక మొలిచే ఆకులు, ఇదే నా లోకం. నేర్పింది మా అవ్వ, ఆమె పోయాక మార్కెట్‌లో సొప్పు (కన్నడలో ఆకుకూర) అమ్మే కోలారు వైపు ఆడవాళ్లు నేర్పారు (వాళ్లలో చాలామందికి తెలుగు బాగా వచ్చు, ఒకసారి పలకరించి చూడండి). లిఫ్ట్‌లో, పార్క్‌లో, ఊరి నుంచి ఫోన్‌లో అవే డౌట్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయని అన్నీ ఒకచోట రాస్తున్నా. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

నాకు ఒక్క మొక్క కూడా సరిగ్గా తెలీదు, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ఐదు మొక్కలు చాలు. కరివేపాకు, పుదీనా, తులసి, వాము ఆకు, పొన్నగంటి. ఐదూ వంటింట్లోకి పనికొచ్చేవే, అంత సులువుగా చావవు, తప్పుగా గుర్తుపట్టే భయం కూడా తక్కువ. ఒక ఏడాది వీటినే చూడండి, మొలకప్పుడు ఆకు ఎలా ఉంది, పూత ఎప్పుడొచ్చింది, విత్తనం ఎలా ఉంది, ఎండిపోయాక ఎలా ఉంది అని. ఒక మొక్కని అన్ని దశల్లో చూసినవాళ్లకే అది రోడ్డు పక్కన కనిపించినప్పుడు గుర్తొస్తుంది. మొదటి నెలలోనే ముప్పై కుండీలు కొనేసి వేసవికి అన్నీ ఎండబెట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను.

మందు మొక్కకీ, ఆకుకూరకీ, కలుపు మొక్కకీ తేడా ఏంటి?

చాలాసార్లు మొక్క ఒక్కటే, మనం వాడే తీరు వేరు. గలిజేరు రైతుకి కలుపు, మా అవ్వకి పప్పులోకి ఆకు, వైద్యుడికి మందు. మా అవ్వ ఏ ఆకునీ చెంచా పొడిగా మింగలేదు, ఏడాదిలో ఏ కాలంలో ఏది మొలిస్తే అది కందిపప్పుతోనో పెసరపప్పుతోనో వండి సంగటిలోకి పెట్టేది, వారంలో ఒకసారి ఒక ఆకు, మరుసటి వారం ఇంకోటి. నేను అందరికీ చెప్పేది కూడా ఇదే, ముందు ఆకుని కూరగా తినడం నేర్చుకోండి, మందుగా వాడే సంగతి తర్వాత, అది కూడా తెలిసినవాళ్లని అడిగి. కూరగా తిన్నప్పుడు మోతాదు దానంతట అదే అదుపులో ఉంటుంది, పొడి, క్యాప్సూల్, జ్యూస్ అయ్యేసరికి గంపెడాకు ఒక్క గుక్కలో లోపలికి పోతుంది.

బాల్కనీ చిన్నది, ఎండ కూడా సరిగ్గా రాదు. కుదురుతుందా?

కుదురుతుంది, మొక్క ఎంచుకోవడంలోనే ఉంది అంతా. రెండు మూడు గంటల ఉదయపు ఎండ వస్తే పుదీనా, సరస్వతి ఆకు, వాము ఆకు, పొన్నగంటి బాగానే వస్తాయి. తులసి, నిమ్మగడ్డి, కరివేపాకు, కలబందకి నాలుగైదు గంటలు కావాలి. ఎండ అస్సలు రాని బాల్కనీ అయితే సరస్వతి ఆకు ఒక్కటి పెట్టి చూడండి, అది కూడా తీగ సాగి ఆకులు చిన్నగా వస్తుంటే ఆ చోటు వదిలేసి టెర్రస్ గురించి అసోసియేషన్‌ని అడగడమే మేలు.

మన పేర్లు చెప్తే ఇక్కడ నర్సరీవాళ్లకి అర్థం కావట్లేదు, కన్నడలో ఏమంటారు?

సరస్వతి ఆకు అంటే ఒందెలగ, వాము ఆకు అంటే దొడ్డపత్రె, తిప్పతీగ అంటే అమృతబళ్లి, నిమ్మగడ్డి అంటే మజ్జిగె హుల్లు, పొన్నగంటి అంటే హొన్నగొనె సొప్పు, గంగపాయల కూర అంటే గోణి సొప్పు, కామంచి అంటే గణికె సొప్పు, గునుగు కూర అంటే అన్నె సొప్పు, నేల ఉసిరి అంటే నెలనెల్లి, అడ్డసరం అంటే ఆడుసోగె, పొడపత్రి అంటే మధునాశిని, కలబంద అంటే లోళెసర. కలగూర కావాలంటే బెరకె సొప్పు అని అడగండి, నాలుగైదు రకాల ఆకులు కలిపి ఇస్తారు, ఆకులు నేర్చుకోడానికి అంతకంటే మంచి పుస్తకం లేదు, ఇంటికి తెచ్చి పేపర్ మీద వేరు వేరుగా పేర్చి ఒక్కోదాన్నీ చూడండి. ఒక జాగ్రత్త, ఒకే పేరుతో ఒక్కో జిల్లాలో ఒక్కో మొక్కని పిలుస్తారు కాబట్టి పేరు విని కొనకుండా ఆకు చూసి కొనండి.

మంచి మొక్కలు బెంగళూరులో ఎక్కడ దొరుకుతాయి?

లాల్‌బాగ్ దగ్గర సిద్దాపుర వైపు వరసగా నర్సరీలు ఉన్నాయి, మామూలు మొక్కలన్నీ అక్కడే దొరికేస్తాయి. లాల్‌బాగ్‌లో జనవరి, ఆగస్టుల్లో ఫ్లవర్ షో జరిగినప్పుడు మొక్కల, విత్తనాల స్టాల్స్ పెడతారు. వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్న జి.కె.వి.కె.లో ఏటా జరిగే కృషి మేళా, మామూలుగా నవంబర్‌లో, ఒక రోజు సెలవు పెట్టి వెళ్లాల్సిన చోటు. మందు మొక్కలనే పనిగా పెట్టుకున్న సంస్థ కావాలంటే యలహంక వైపు జారకబండె కావల్‌లో 1993లో మొదలైన ఎఫ్.ఆర్.ఎల్.హెచ్.టి. ఉంది, ఇప్పుడు అక్కడ ట్రాన్స్ డిసిప్లినరీ యూనివర్సిటీ నడుస్తోంది, మొక్కల పేర్లు అన్ని భాషల్లో కూర్చిపెట్టిన పని వాళ్లది. వెళ్లే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

బ్రహ్మి అని కొన్నాను, ఇది సరస్వతి ఆకేనా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, నేనూ ఇందులో మోసపోయాను. ఒక నర్సరీలో బ్రహ్మి అని చెప్పి ఇస్తే ఆరు నెలలు పెంచి, పచ్చడి చేద్దామని కోసేటప్పుడు చూస్తే నేను అనుకున్న మొక్క కాదు. బ్రహ్మి పేరు రెండు మొక్కలకి నడుస్తోంది. ఆకు గుండ్రంగా, కిడ్నీ ఆకారంలో, అంచు రంపంలా, సన్నని పొడవాటి కాడ మీద ఒక్కో ఆకు ఒక్కోటిగా నిలబడి ఉంటే అది సరస్వతి ఆకు, సంస్కృతంలో మండూకపర్ణి, శాస్త్రం పేరు సెంటెల్లా ఏషియాటికా. ఆకు చిన్నగా, మందంగా, గంగపాయల ఆకులాగా, కాడకి రెండు పక్కలా జంటలుగా ఉండి తెల్లని లేదా లేత ఊదా పూలు పూస్తే అది నీరు బ్రహ్మి, బకోపా మొన్నీరి, ఆయుర్వేద గ్రంథాల్లో బ్రహ్మి అంటే ఇదే. ఇది చాలా చేదు. పచ్చడికి, మజ్జిగలో నూరుకోడానికి సరస్వతి ఆకు బాగుంటుంది. రెండూ విషం కావు, కానీ ఒకటి అనుకుని ఇంకోటి మందుగా వాడకూడదు కదా.

## పెంచడం

కుండీలో మట్టి ఎలా కలపాలి?

నేను వాడేది రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు వర్మీకంపోస్ట్ లేదా బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కోకోపీట్, గుప్పెడు వేపపిండి. ఎరువు మాగిందా లేదా చూడాలంటే చేతిలోకి తీసుకుని వాసన చూడండి, వాన పడిన మట్టి వాసన రావాలి, పేడ వాసన వస్తే ఇంకో నెల ఆగండి. కలబందకి, తులసికి కోకోపీట్ తగ్గించి ఇసుక కలపండి, నీళ్లు నిలబడితే వేరు కుళ్లిపోతుంది. కన్‌స్ట్రక్షన్ సైట్ మట్టి ఊరికే దొరికిందని తెచ్చుకోకండి, అందులో సిమెంట్, పెయింట్ అన్నీ కలిసుంటాయి, మనం తినేది ఆ మట్టిలోంచే వస్తుంది.

మార్కెట్లో కొన్న కట్ట నుంచే మొక్క వస్తుందంట, నిజమేనా?

నిజం, నా పొన్నగంటి మొత్తం ఒక కట్టలోంచే వచ్చింది. ఆకులు, లేత చివర్లు కూరకి వలుచుకుని, గట్టి కాడల్ని జానెడు పొడవు ముక్కలు చెయ్యండి. కణుపు దగ్గర వేలితో తడిమితే కొంచెం ఉబ్బుగా తగులుతుంది, చూస్తే తెల్లని చిన్న మొటిమల్లా వేరు మొదళ్లు కూడా కొన్నింటికి కనిపిస్తాయి, అవి ఉన్న కాడలు ముందు తీసుకోండి. రెండు కణుపులు మట్టిలోకి, రెండు పైకి ఉండేలా కొంచెం ఏటవాలుగా గుచ్చి నీడలో పెట్టి మట్టి తడి ఆరకుండా చూస్తే వారం పది రోజుల్లో చిగురు వస్తుంది. పుదీనా, బచ్చలి కూడా ఇలాగే. వాము ఆకు అయితే ఒక కొమ్మ ఎవరింట్లోనైనా అడిగి తెచ్చుకోండి, అస్సలు కొనక్కర్లేదు. నిమ్మగడ్డి వేరు మొదలు ఉన్న కాడ దొరికితే గ్లాసు నీళ్లలో పెట్టి వేర్లు వచ్చాక కుండీలోకి మార్చండి.

తులసి ప్రతిసారీ ఎండిపోతోంది, ఏదైనా దోషమా?

దోషమేమీ కాదండి, చాలామంది ఇళ్లలో జరిగేదే. తులసి విత్తనం పెట్టేసిందంటే దాని పని అయిపోయిందనుకుంటుంది, కంకులు (మంజరి) వచ్చిన వెంటనే గిల్లేస్తూ ఉంటే పక్క కొమ్మలు వేసి గుబురుగా పెరుగుతుంది. రెండో కారణం రోజూ పూజకని చెంబుడు నీళ్లు పొయ్యడం, మట్టి పైభాగం ఆరిందో లేదో చూడకుండా. పూజ నీళ్లు కొంచెమే పోసి మిగతావి వేరే కుండీకి పొయ్యండి. ఎంత బాగా చూసినా రెండు మూడేళ్లకి కాండం కట్టెబారిపోతుంది కాబట్టి కొన్ని కంకులు ఎండనిచ్చి విత్తనం దాచుకోండి, మట్టి మీద చల్లి చాలా పలచగా మట్టి కప్పితే చాలు, లోతుగా వేస్తే మొలవదు.

బెంగళూరు వాతావరణానికి ఏది ఎప్పుడు నాటాలి?

ఈ ఊరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, అందుకే మన ఊళ్లలో మేలో మాడిపోయేవి ఇక్కడ బతుకుతాయి, మన ఊళ్లో జనవరిలో పెరిగేవి ఇక్కడ చలికి ఆగిపోతాయి. కాడలు, తీగలు జూన్ మొదటి వానలకి నాటండి. ఇక్కడ సెప్టెంబర్, అక్టోబర్‌లో వాన ఎక్కువ, ఆ రెండు నెలలు కలబందని గోడ వారగా జరపండి. కొత్తిమీర, మెంతి అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా చాలా బాగా వస్తాయి. బచ్చలి, తోటకూర, గోంగూర లాంటివి డిసెంబర్ చలిలో వేస్తే కదలవు, ఫిబ్రవరి చివర్లో వేసుకోండి.

నీళ్ల కష్టం ఉన్నప్పుడు మొక్కలకి ఏం పొయ్యాలి?

2024 మార్చిలో ఇక్కడ తాగునీళ్లు మొక్కలకి పోస్తే 5,000 రూపాయలు ఫైన్ అన్నారు గుర్తుందా, అప్పటి నుంచి నేను బియ్యం, పప్పు, ఆకుకూరలు కడిగిన నీళ్ల మీదే నడిపిస్తున్నా, రెండు పూటలవి కలిపితే పది కుండీలకి సరిపోతాయి. ఆర్.ఓ. ఫిల్టర్ వదిలేసే నీళ్లలో ఉప్పులు ఎక్కువ, విడిగా రోజూ పోస్తే మట్టి మీద తెల్లగా పొర కడుతుంది, సగానికి సగం మామూలు నీళ్లు కలిపి రోజు మార్చి రోజు పొయ్యండి. అపార్ట్‌మెంట్ ఎస్.టి.పి. నీళ్లు (మురుగుని శుద్ధి చేసినవి) మాత్రం తినే ఆకులకి వద్దు, పూల మొక్కలకి పర్వాలేదు.

పురుగులు పడితే మందు కొట్టొచ్చా?

తినే ఆకు కాబట్టి కెమికల్ వద్దు. తెల్లగా దూదిలా పట్టేది పిండినల్లి, తక్కువ ఉంటే తడి గుడ్డతో తుడిచెయ్యండి, ఎక్కువైతే లీటరు నీళ్లలో 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల లిక్విడ్ సోప్ కలిపి సాయంత్రం ఆకు అడుగున కొట్టండి, వారం దాకా ఆ ఆకు కొయ్యకండి. వానాకాలం పెద్ద నత్తలు వస్తే రాత్రి టార్చ్ వేసి గ్లోవ్స్‌తో ఏరెయ్యాలి, నత్త పాకిన ఆకుని పచ్చిగా తినొద్దు, కడిగి ఉడికించే తినండి.

## గుర్తుపట్టడం, కొయ్యడం

ఫోటో తీస్తే ఫోన్ పేరు చెప్పేస్తుంది కదా, ఇంకా నేర్చుకోవడం ఎందుకు?

గూగుల్ లెన్స్, ఐన్యాచురలిస్ట్ నేనూ వాడతాను, పేరు వెతకడం మొదలుపెట్టడానికి మంచివే. కానీ ఫోన్ చూసేది ఆకు బొమ్మ మాత్రమే. కాడ తుంచితే పాలు వస్తాయా, నలిపితే ఏం వాసన, కాడ లోపల బోలుగా ఉందా, పువ్వు ఆకు సందులో అంటుకుని ఉందా కాడ మీద ఉందా, ఇవన్నీ చేత్తో ముక్కుతో చూడాల్సినవి. ఒకే మొక్కని నాలుగు వైపుల నుంచి తీసిన ఫోటోలకి నాలుగు పేర్లు చెప్పడం నేను చూశాను. మూడు గుర్తులు సరిపోయి, ఆ ఆకుని చిన్నప్పటి నుంచి తిన్న మనిషి ఒకరు అవును అంటేనే నేను వండుతాను.

గంగపాయల కూర అనుకుని కోస్తే మా అత్తమ్మ పారేయమన్నారు, ఎందుకు?

ఆవిడ కరెక్ట్ అయ్యుండొచ్చు. పాయల లాగే నేలకి పరుచుకుని ఎర్రని కాడతో ఉండే నానుబాలు జాతి మొక్కలు పేవ్‌మెంట్ సందుల్లో విపరీతంగా మొలుస్తాయి. కాడ తుంచి చూడండి, తెల్లని పాలు కారితే అది పాయల కాదు, పారెయ్యండి. పాయల కాడ నున్నగా, గుజ్జుగా, వేలితో నొక్కితే నీళ్లు వచ్చేలా ఉంటుంది, ఆకు దళసరి, పువ్వు పసుపు, నోట్లో కొంచెం పులుపు. నానుబాలు కాడ సన్నగా, గట్టిగా ఉంటుంది, చాలా వాటికి నూగు కూడా ఉంటుంది.

చెరువు గట్టున పొన్నగంటి దట్టంగా ఉంది, కోసుకోవచ్చా?

వద్దు, రెండు కారణాలు. ఒకటి, బెంగళూరు చెరువుల్లో దట్టంగా తేలుతూ కనిపించేది చాలాచోట్ల పొన్నగంటి కానే కాదు, దాని చుట్టం ఆలిగేటర్ వీడ్ అనే విదేశీ మొక్క. పొన్నగంటి తెల్ల పూగుత్తి ఆకు సందులోనే కాడ లేకుండా అంటుకుని ఉంటుంది, ఆలిగేటర్ వీడ్ పువ్వు వేలెడు కాడ మీద విడిగా నిలబడి ఉంటుంది, కాండం కోస్తే లోపల బోలు. రెండోది ఇంకా ముఖ్యం, నిజమైన పొన్నగంటి అయినా ఆ నీళ్లు చూడండి. 2017 ఫిబ్రవరిలో బెళ్లందూరు చెరువు మీద మంటలు లేచాయి, మురుగు నీళ్లు, ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చెరువులో పెరిగిన ఆకు సీసం, కాడ్మియం లాంటి లోహాలని పీల్చి దాచుకుంటుంది, కడిగినా ఉడికించినా అవి పోవు. పొన్నగంటి ఒక కుండీలో పెట్టుకుంటే ఇంటికి సరిపోతుంది.

మరి ఖాళీ సైట్లో, అపార్ట్‌మెంట్ లాన్‌లో మొలిచినవి?

లాన్ అయితే ముందు తోటమాలిని అడగండి, కలుపు మందు కొట్టారా, ఏ నీళ్లు పెడుతున్నారు అని. నేను లాన్‌లోవి ఆకులు నేర్చుకోడానికి చూస్తాను, తినడానికి కొయ్యను. ఖాళీ సైట్ అయితే రోడ్డు నుంచి లోపలికి, డెబ్రీ పొయ్యని చోట, డ్రైనేజీ దగ్గర కాకుండా, ఓనర్‌ని అడిగి. జూన్ వానల తర్వాత మా పక్క సైట్లో చిలకతోటకూర, గునుగు, గలిజేరు, చెంచలాకు నాలుగూ వస్తాయి. ఒక్కో మొక్క నుంచి మూడో వంతుకి మించి తియ్యకండి, పూత మీద ఉన్న కొన్నింటిని విత్తనానికి వదిలెయ్యండి. వయ్యారిభామ మధ్యలో ఉంటే గ్లోవ్స్ వేసుకోండి, చాలామందికి దాని వల్ల చర్మం మీద దద్దుర్లు, దురద వస్తాయి.

నేల ఉసిరిని ఎలా గుర్తుపట్టాలి, కామెర్లకి పనిచేస్తుందా?

ఆకుల రెమ్మని తిప్పి చూడండి, అడుగు వైపు కాడ పొడవునా ఆవగింజంత పచ్చని కాయలు వరసగా ముత్యాల్లా వేలాడుతుంటాయి, తుంచితే పాలు రావు. కామెర్ల సంగతి జాగ్రత్తగా వినండి. 1988లో మద్రాసు పరిశోధకులు దీనితో హెపటైటిస్ బి ఉన్నవాళ్లకి మంచి ఫలితం వచ్చిందని లాన్సెట్ పత్రికలో రాశారు, అప్పట్లో పెద్ద వార్త, కానీ తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం అలా రాలేదు. కామెర్లు అనేది ఒక రోగం కాదు, వైరస్ వల్ల రావొచ్చు, రాయి అడ్డుపడి రావొచ్చు, మందుల వల్ల రావొచ్చు. కళ్లు పచ్చబడితే ముందు రక్తపరీక్ష, ఆకు పసరు కోసం ఊరికి బస్సెక్కి రోజులు పోగొట్టుకోకండి.

వినాయక చవితి పత్రి 21 రకాలూ ఔషధాలే అంటారు, తినొచ్చా?

పూజకి వేరు, నోటికి వేరు. ఆ 21లో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఉన్నాయి, మూడూ విషమే. గన్నేరు గుండె మీద, ఉమ్మెత్త మెదడు మీద పనిచేస్తాయి, జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పత్రి తెచ్చిన రోజు ఈ మూడూ ఏవో పిల్లలకి చూపించండి, పూజ అయ్యాక చేతులు కడిగించండి. అదే పండక్కి తెలంగాణలో చాలా ఇళ్లలో వండే తుమ్మికూర మాత్రం చక్కని అడవి ఆకు, లేత చివర్లు తీసుకుని చింతపండు వేసి వండితే చేదు తగ్గుతుంది.

లాల్‌బాగ్‌లో, బన్నేరుఘట్ట అడవిలో ఆకులు కోసుకోవచ్చా?

లేదు. నేషనల్ పార్క్ లోపల మొక్క కొయ్యడం, పీకడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. లాల్‌బాగ్‌లో కూడా కొయ్యకూడదు, కానీ చెట్లకి పేర్ల బోర్డులు ఉంటాయి, నోట్‌బుక్ పట్టుకుని ఒక ఆదివారం పొద్దున తిరిగితే చాలా నేర్చుకోవచ్చు.

## వండడం, వాడడం

అడవి ఆకులు ఎలా వండాలి, పచ్చిగా తింటే విటమిన్లు ఎక్కువ కదా?

వండే తినండి. మొదటిసారి తినే ఆకు అయితే రెండు చెంచాల కూర తిని ఒక రోజు ఆగండి, ఒంటికి పడిందో లేదో తెలుస్తుంది. పాయల కూర పప్పు నేను చేసే తీరు చెప్తా. ఒక కప్పు కందిపప్పుకి రెండు గుప్పిళ్ల ఆకు, లేత కాడలతో సహా మూడు నీళ్లు కడిగి (ఇసుక చాలా ఉంటుంది, గిన్నె అడుగు తడిమి చూడండి), రెండు పచ్చిమిర్చి, ఒక టమాటా, చింతపండు మాత్రం మామూలు పప్పులో సగమే, ఎందుకంటే ఆకే పుల్లగా ఉంటుంది. ఉడికాక ఎనిపి, వెల్లుల్లి, ఎండుమిర్చి, ఇంగువ తాలింపు. పొన్నగంటికి పెసరపప్పు, కొబ్బరి బాగుంటాయి. గలిజేరు, చెంచలాకు ఒకసారి ఉడికించి నీళ్లు వార్చి వండండి. వాము ఆకు నూరి పెరుగులో కలిపి జీలకర్ర తాలింపు పెడితే ఇక్కడివాళ్ల తంబుళి, వేడి అన్నంలోకి దానికి సాటి లేదు.

కామంచి విషమని ఒకరు, మంచిదని ఒకరు. ఏది నిజం?

రెండింటిలోనూ నిజం ఉంది. పచ్చి కాయల్లో సోలనిన్ లాంటి విష పదార్థాలు ఉంటాయి, పచ్చి కాయ ఒక్కటి కూడా వద్దు. లేత ఆకు బాగా ఉడికించి ఈ ఊళ్లో తరతరాలుగా తింటున్నారు, మార్కెట్లో గణికె సొప్పు కట్టలు అమ్ముతారు. నా మాట ఏంటంటే మొదటి ఏడాది మార్కెట్ కట్టే కొనండి, రోడ్డు పక్క కాయలు చూసి పిల్లలు నోట్లో వేసుకోకుండా చూడండి.

కషాయం రోజూ తాగొచ్చా?

జలుబుకి నాలుగు తులసాకులు, ఒక వాము ఆకు, చిన్న అల్లం ముక్క, రెండు మిరియాలు ఒక గ్లాసు నీళ్లలో వేసి సగమయ్యేదాకా మరిగించి మూడు నాలుగు రోజులు తాగితే తప్పులేదు. గొంతుకి హాయిగా ఉంటుంది, ఆవిరికి ముక్కు తెరుచుకుంటుంది. నెలల తరబడి రోజూ తాగడం, అందులో కనిపించిన ప్రతి ఆకూ వెయ్యడం వద్దు. జ్వరం మూడు రోజులు దాటితే డాక్టర్.

తిప్పతీగ ఇమ్యూనిటీకి రోజూ తీసుకోవచ్చా?

నేను తీసుకోను, ఇంట్లోవాళ్లకి ఇవ్వను. కోవిడ్ టైమ్‌లో అందరూ తాగారు, 2021లో ముంబై డాక్టర్లు అలా వాడినవాళ్లలో కొందరికి లివర్ దెబ్బతిందని రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు, దాన్ని పోలిన వేరే తీగ వాడి ఉంటారు అంది. నిజానికి పోలిన తీగ ఉంది, టినోస్పోరా క్రిస్పా, దాని కాండం మీద బుడిపెలు చాలా ఎక్కువ. ఏది నిజమైనా మనకి అర్థమయ్యేది ఒకటే, లివర్ సమస్య, థైరాయిడ్ లాంటి ఆటోఇమ్యూన్ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ముట్టకూడదు.

షుగర్‌కి పొడపత్రి వాడితే మాత్రలు ఆపొచ్చా?

ఆపొద్దు, దయచేసి. మా పిన్ని షుగర్ మాత్రలు వేసుకుంటూనే ఎవరికీ చెప్పకుండా పొడపత్రి పొడి కూడా మొదలుపెట్టింది, ఒక రోజు పదకొండింటికి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది, మీటర్ పెడితే 52. పంచదార నీళ్లు తాగించి ఆటోలో హాస్పిటల్‌కి తీసుకెళ్లాం. ఈ ఆకుకి పని ఉంది కాబట్టే ప్రమాదం కూడా ఉంది. ఒక ఆకు నమిలి తర్వాత బెల్లం నోట్లో పెట్టుకోండి, మట్టి నమిలినట్టుంటుంది, తీపి అరగంట దాకా తెలీదు, అంత బలమైన ఆకు. వాడాలనిపిస్తే డాక్టర్‌కి చెప్పి, మాత్ర మోతాదు ఆయన చూసుకునేలా వాడండి.

కలబంద ఎలా తీసుకోవాలి?

ఆకు మొదలు దగ్గర కోసి, కోసిన వైపు కిందకి పెట్టి గ్లాసులో నిలబెట్టండి. అరగంటలో చిక్కటి పసుపు రసం కారుతుంది, చేదు వాసన వేస్తుంది. అది పారబొయ్యాలి, కడుపులోకి వెళ్తే విరేచనాలు, కడుపునొప్పి, గర్భిణులకి అసలు మంచిది కాదు. తర్వాత ముళ్ల అంచులు, తోలు తీసి గుజ్జుని రెండు మూడుసార్లు కడగండి. నేను ఒంటికి, జుట్టుకి మాత్రమే వాడతాను.

చక్రముని ఆకు జ్యూస్‌తో బరువు తగ్గుతారంట?

కూరలో పప్పులో వండుకోండి, పచ్చి జ్యూస్ వద్దు. 1990లలో తైవాన్‌లో బరువు తగ్గడానికి ఈ ఆకు పచ్చి రసం రోజూ తాగిన చాలామందికి ఊపిరితిత్తులు కోలుకోలేనంతగా దెబ్బతిన్నాయి. అదే ఆకు వండుకుని తినే ఊళ్లలో ఆ జబ్బు ఇలా రాలేదు.

డెంగ్యూకి బొప్పాయి ఆకు రసం?

ప్లేట్‌లెట్లు కొంచెం పెరిగాయని చిన్న పరీక్షలు కొన్ని చెప్తాయి, కానీ డెంగ్యూలో ప్రాణం మీదకి తెచ్చేది రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరడం, దానికి ఈ రసం పనికిరాదు. ఎక్కువ తాగితే వాంతులు, ఉన్న నీరు కూడా పోతుంది. ఓ.ఆర్.ఎస్., పారాసిటమాల్, డాక్టర్ చెప్పినట్టు రక్తపరీక్షలు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దు. జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, మత్తుగా ఉండడం ఉంటే వెంటనే హాస్పిటల్.

కిడ్నీలో రాళ్లు, రక్తం పలచబడే మాత్రలు, గర్భం ఉన్నవాళ్లు ఏం జాగ్రత్త పడాలి?

రాళ్లు ఉన్నవాళ్లకి పాయల, తోటకూర, గలిజేరు, పులిచింతాకులో ఆక్సలేట్ ఎక్కువ, ఉడికించి నీళ్లు వార్చి ఎప్పుడైనా కొంచెం, రోజూ వద్దు. వార్ఫరిన్ లాంటి మాత్రలు వాడేవాళ్లు మునగాకు లాంటి ఆకుకూరలు ఒక వారం బాగా తిని ఇంకో వారం మానెయ్యడం చెయ్యకూడదు, విటమిన్ కె వల్ల మాత్ర పని మారిపోతుంది, వారం వారం ఒకేలా తినాలి. గర్భిణులు దగ్గుకి అడ్డసరం వాడకూడదు, గర్భసంచి మీద పనిచేస్తుంది. వండిన మామూలు ఆకుకూర తినొచ్చు, పొడులు కషాయాలు డాక్టర్‌ని అడిగాకే. ఆపరేషన్ ఉంటే వాడే ప్రతి ఆకు పేరూ ముందే చెప్పండి.

ఆకులు ఎండబెట్టి దాచడం ఎలా?

నీడలో, గాలి ఆడే చోట, పలచగా కాటన్ గుడ్డ మీద. బెంగళూరు వానాకాలంలో ఆరవు, బూజు పడతాయి, జనవరి నుంచి మార్చి మంచి కాలం. ఆకు చేతిలో నలిపితే గలగలమని పొడి అవ్వాలి, మెత్తగా వంగితే ఇంకా ఆరలేదు. గాజు సీసాలో వేసి పేరు, తేదీ రాసి అంటించండి. మూడు రోజుల తర్వాత మూత లోపల చెమ్మ కనిపిస్తే మళ్లీ ఆరబెట్టండి. ఆరు నెలలు దాటితే వాసన పోతుంది, కంపోస్ట్‌లో వేసెయ్యండి.

మిగిలినవి పొడి చేసి అమ్ముకోవచ్చా?

మొక్కలు, విత్తనాలు పంచుకోండి, హాయిగా. మునగాకు పొడి లాంటి ఫుడ్ అమ్మాలంటే ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ కావాలి, మందు అని అమ్మాలంటే ఆయుష్ లైసెన్స్. షుగర్ తగ్గిస్తుంది, క్యాన్సర్ పోతుంది అని ప్రకటన ఇస్తే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద కేసు అవుతుంది.

తెలీని ఆకో కాయో తినేస్తే ఏం చెయ్యాలి?

నోట్లో మిగిలింది ఉమ్మించి, నోరు కడిగించండి. ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించకండి, ఇది మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు. 108కి ఫోన్ చెయ్యండి లేదా దగ్గర్లోని పెద్ద హాస్పిటల్ ఎమర్జెన్సీకి వెళ్లండి, తిన్న మొక్క కొమ్మ ఆకు, కాయతో సహా కవర్లో వేసుకుని తీసుకెళ్లండి, ఎంత తిన్నారు, ఎన్ని గంటలకి తిన్నారు రాసుకోండి. పచ్చగన్నేరు కాయ, గురివింద గింజ, ఆముదం గింజ, ఉమ్మెత్త కాయ అయితే బాగానే ఉన్నాడు కదా అని ఇంట్లో ఆగకండి, కొన్నింటి ప్రభావం గంటల తర్వాత బయటపడుతుంది.

పిల్లలకి ఎప్పటి నుంచి నేర్పొచ్చు?

మా పాప నాలుగేళ్లకి మొదలుపెట్టింది, ముక్కుతో. కళ్లు మూసి ఆకు నలిపి వాసన చూపించి ఏదో చెప్పమనేదాన్ని, పుదీనా, వాము ఆకు, తులసి, నిమ్మగడ్డి, కరివేపాకు ఐదూ వారంలో వచ్చేశాయి. పాలు కారే మొక్క ముట్టుకోకూడదు, ఏ కాయైనా అమ్మకో నాన్నకో చూపించాకే నోట్లో పెట్టుకోవాలి అని రెండే రూల్స్ పెట్టాం. ఇప్పుడు ఎనిమిదేళ్లు, పోయిన వానాకాలం సైట్లో గలిజేరు పక్కన మొలిచిన ఉమ్మెత్త మొలకని నాకంటే ముందు చూసి పిలిచింది.